డిసెంబరు పేజీలో ఎర్ర సిరా

నరసరావుపేట,
8 సెప్టెంబరు 2024, ఆదివారం.

పిన్నీ,

నిన్నొక ప్రశ్న అడగాలని చిన్నప్పట్నుంచీ అనుకుంటున్నా. నీ ప్రార్థన పుస్తకంలో రాసుకున్నవన్నీ నిజంగా జరిగాయా, లేక జరిగినవే నీకు గుర్తున్నాయా? గురజాలలో నువ్వు ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని టిక్కులు కొడుతుంటే పక్కనే కూర్చుని చూసేదాన్ని. అప్పుడు అడిగితే మొట్టికాయ వేస్తావేమోనని అడగలేదు. ఎమ్మే చదివేటప్పుడు అడిగితే చదువు తలకెక్కిందనుకుంటావేమోనని ఊరుకున్నా. ఇప్పుడు నాకూ నలభై నాలుగొచ్చాయి, ఏమన్నా అనుకో.

ఉత్తరంలో అడగడమే నయం. నీకు వినపడడం తగ్గాక ఫోన్లో మన మాటలన్నీ అరుపులైపోయాయి. మొన్న "భోంచేశావా" అని అరిచేసరికి కింది వాటాలో షబ్నం "ఏమైందక్కా" అంటూ పరుగెత్తుకొచ్చింది. మీ అల్లుడి లారీ ఎట్లాగూ వారం వారం గురజాల మీదుగా మాచర్ల పోతుంది. డ్రైవర్ అక్రం మీ ఇంటి ముందు హారన్ కొడితే నీకు కాకపోయినా మీ కోడలికి వినపడుద్ది.

అసలు సంగతి చెప్పనా? నాకు చానా సంతోషంగా ఉంది. ఆగస్టులో నువ్వు ఇక్కడున్న వారంలో చూశావుగా, ఫ్రిజ్ పక్కన మేకుకి తగిలించిన లాంగ్ నోట్‌బుక్కు, దానికి దారంతో కట్టిన పెన్నులు? అది పనిచేస్తోంది పిన్నీ! అది పెట్టకముందు మా ఇల్లు ఎట్లా ఉండేదో నీకు తెలీదు. ఒకే సాయంత్రం ఆయన, నేను, అమ్మాయి ఏంజెల్ ముగ్గురం మూడు పెరుగు ప్యాకెట్లు తెచ్చాం, కరెంటు బిల్లు మాత్రం ఎవరమూ కట్టలేదు. పెరుగన్నం చీకట్లో తిన్నాం. అత్తయ్యని బస్టాండు నుంచి తీసుకురావడానికి ఆయనొక బండి మీద, నేనొక ఆటోలో వెళ్లాం. అబ్బాయి బెంజిమిన్ మాత్రం వాళ్ల కాలేజీ గేటు దగ్గర వానలో తడుస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు రోజుకొక పేజీ, ఏడాది చివరిదాకా తేదీలు నేనే వేసిపెట్టా. తలా ఒక రంగు. ఆయనది ఆకుపచ్చ, పిల్లలది నీలం, నాది నలుపు, అత్తయ్యది పెన్సిలు. ఒకటే షరతు: బుక్కులో ఉన్నది జరగాలి, బుక్కులో లేనిదానికి ఎవరినీ తిట్టకూడదు. మీ అల్లుడు దీన్ని లారీ పర్మిట్ కంటే ఎక్కువగా నమ్ముతున్నాడు. "బుక్కులో ఉంటే ఇంక నన్ను అడగబాకండి, అయిపోద్ది" అంటాడు. నువ్వు ప్రార్థన పుస్తకం రాసే పద్ధతి చూసే నాకీ ఆలోచన వచ్చింది. అందుకే ఆ ప్రశ్న.

ఇంకోటి. నువ్వు ఇక్కడుండగా బీరువా మీదున్న అమ్మ కోలాటం కర్రలు కిందకి దించి దుమ్ము తుడిచావు. నేను వంటింట్లోంచి చూశా. నువ్వేమీ అనలేదు, నేనూ అనలేదు. క్రిస్మస్ రోజుల్లో గుంజకి కట్టిన రంగు తాళ్లు పట్టుకుని అమ్మ వాళ్లంతా ఆడుతూ వాటిని జడలాగా అల్లేవాళ్లు, మళ్లీ ఆడుతూనే విప్పేవాళ్లు. ముందు నిలబడి నడిపేది అమ్మే. ఆమె పోయాక గురజాల చర్చిలో జడ కోలాటం మళ్లీ ఆడలేదు. ఒక్కసారైనా ఆమె చేతిలో తాడు చిక్కుపడ్డట్టు నాకు గుర్తు లేదు. నేనైతే మార్కెట్టుకి వెళ్తే తీసుకెళ్లిన సంచే మరిచిపోయి వస్తా. ఎందుకు రాస్తున్నానో ఇదంతా.

అత్తయ్య నీకు వందనాలు చెప్పమంది.

నీ పెద్దక్క కూతురు,
కృపామణి

*

గురజాల,
16–9–24

కృపా,

దేవుడు మీ ఇంటిని చల్లగా చూచునుగాక. అక్రం ఇచ్చిన ఉత్తరం, పచ్చడి జాడీ రెండూ అందినయ్. జాడీలో నూనె మీ ఆయన లారీకి పోసినట్టు పోశావు. మా కోడలు అదే పనిగా చెప్తంది నీతో చెప్పమని.

ఏమే, ముప్పై ఏళ్ల నాడు అడగాల్సిన ప్రశ్న ఇప్పుడా అడిగేది? మొట్టికాయ ఇప్పుడైనా పడుద్ది. విను. నేను ప్రార్థన రాసే పద్ధతి మా నాన్న నేర్పింది. "చెయ్యి ప్రభువా, ఇయ్యి ప్రభువా" అని అడుక్కుంటా రాయకూడదు. జరిగిందని నమ్మి రాయాలి. తేదీ వేసి, ఊరు వేసి, మనిషి పేరు వేసి, అయిపోయినట్టే రాయాలి. మా వాడికి ఉద్యోగం రాకముందే "జూన్ ఒకటి, మా వాడు డ్యూటీలో చేరినాడు" అని రాశా. చేరింది ఆ జూన్ కాదు, ఆ పై ఏడు. అయినా టిక్కు పెట్టా. జరగనివి లేవా అంటే ఉన్నయ్. ఆ పేజీలు నేను చింపలా, దాచలా. నీకు టిక్కులే కనపడినయ్ అంటే నువ్వు చిన్నపిల్లవి, టిక్కులే చూశావు.

మీ బుక్కులో తలా ఒక రంగు అన్నావు, నాదెప్పుడూ ఎర్రపెన్నే, బళ్లో ముప్పై మూడేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి. నీలం పెన్ను పట్టుకుంటే నా రాత నాకే పరాయిదానిలాగుంటది.

మీ అమ్మ కర్రల గురించి నేనేం అనలేదు. అనాల్సింది అనాల్సిన చోట అన్నాను. నీ చెవులు బాగానే ఉన్నయ్ కదా, నాకు లాగా కాదుగా.

పత్తి తీతలు మొదలైనయ్ ఇక్కడ. కూలి మనుషులు దొరక్క రైతులు ఇంటింటికీ ఆటోలు పంపుతున్నారు. కోటమ్మ ఈ వయసులో కూడా పోతంది. మీ అమ్మకి ఉద్ది ఆమే కదా, ఎదురుగా నిలబడి కర్ర కలిపిన మనిషి. నిన్ను అడిగింది.

చెవి మిషను డబ్బాలోనే ఉంది. అది పెట్టుకుంటే కుక్కర్ కూత తప్ప మనిషి మాట వినపడదు. ఆ మాట మళ్లీ అడగబాక.

పిన్ని,
సువార్తమ్మ

*

గురజాల,
20–10–24, ఆదివారం సాయంత్రం

నా తల్లీ కృపా,

స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం!

శుక్రవారం అక్రం అల్లుడి చీటీ తెచ్చిచ్చాడు. దాన్ని నా బైబిల్లో పెట్టుకున్నా. ఇదిగో నువ్వూ చదువు, ఆకుపచ్చ పెన్ను: "అత్తయ్యా, డిసెంబరు 14 కోలాటానికి మేమంతా వస్తన్నాం. మినీ బస్సు మాట్లాడా. ఇక్కణ్నుంచి ఇరవై మందిదాకా ఉంటాం. భోజనాలు మీరా, మేం తెచ్చుకోవాలా చెప్పండి. ప్రభాకర్."

నేను రాసిన మాట నిలబెట్టావు తల్లీ. నువ్వు మళ్లీ కర్ర పడతావని నాకు తెలుసు గానీ ఇంత తొందరగా అనుకోలా. ఇవాళ ఆరాధన అయిపోగానే పాస్టర్ గారి చెయ్యి పట్టుకుని చీటీ చూపించా. ఆయన అప్పుడే మైకులో చెప్పాడట, పద్నాలుగు శనివారం సెమీ క్రిస్మస్, జడ కోలాటం, నరసరావుపేట నుంచి కృపామణి గారి నడిపింపులో అని. నాకు వినపడలా, జనం అంతా నా వైపు తిరిగితే తెలిసింది. కోటమ్మ అక్కడే కొంగు నడుముకి చుట్టింది. గుంజ చర్చి వెనక రేకుల షెడ్డులో ఉంది, చెదలు పట్టలా. తాళ్లు మాత్రం ఎలకలు కొట్టేసినయ్. చీరలు చింపి పేనుతున్నాం.

భోజనాలు మావే. అల్లుడితో చెప్పు.

పిన్ని

*

నరసరావుపేట,
27 అక్టోబరు 2024

పిన్నీ,

నీ ఉత్తరం చదివి అరగంట కుర్చీలోంచి లేవలేదు. ఆనందమో, కోపమో, భయమో నాకే తెలియలేదు. నన్నొక్క మాట అడక్కుండా తేదీ ఎట్లా పెట్టావు నువ్వు? అయినా ఇప్పుడిదంతా పాస్టర్ గారు మైకులో చెప్పాక.

ఇక్కడ ఏం జరిగిందో విను. దసరా సెలవుల్లో మీ అల్లుడు డిసెంబరులో లారీ ఫిట్‌నెస్ తేదీ రాసుకుందామని బుక్కు తీశాడు. పద్నాలుగో తారీకు పేజీ మధ్యలో నీ గుండ్రటి రాత: "కృప గురజాల చర్చిలో జడ కోలాటం నడిపింది. అందరూ వచ్చినారు." ఎర్ర సిరా! ఎరుపు గురించి నీకు చెప్పలేదనుకుంటా. మా బుక్కులో అది ఎవరి రంగూ కాదు. పరీక్షలు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు, ఎవరికీ మార్చే అధికారం లేనివి ఎర్రగా రాసుకుంటాం. ఆయన అది చదివి నాతో ఒక్క ముక్క అనలేదు. ఎందుకంటాడు? నీకు చీటీ పంపి, బస్సుకి అడ్వాన్సు ఇచ్చి, షబ్నం వాళ్లకి చెప్పి, తన చెల్లెలు నాగవేణికి కూడా ఫోన్ చేశాక, "ఏందే, కర్రలకి కొత్తగా రంగు వేయిద్దామా?" అన్నాడు. ఏం కర్రలు అన్నా. "బుక్కులో ఉందిగా!"

"నన్ను అడగొద్దా?" అన్నా.

"మీ పిన్ని నిన్ను అడక్కుండా ఎర్రగా రాస్తదా? నువ్వు ఒప్పుకోకుండా ఆమె రాస్తదా? అత్తాకోడళ్ల మధ్యకే నేను రాను, పిన్నీకూతుళ్ల మధ్యకి వస్తానా?"

నువ్వూ పాస్టర్ గారూ ఆగస్టులోనే అన్నీ అనుకుని ఉంటారు, నేను భయపడతానని దాచి ఉంటారు. సరే. కానీ పిన్నీ, నాకు ఆ జడ విప్పడం రాదు. అల్లడం కళ్లముందు కనపడుద్ది, విప్పేటప్పుడు అమ్మ ఎటు తిరిగేదో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు. నేను కాలేజీలో అటెండెన్స్ తీసుకునే మనిషిని. పిల్లలు వీడియో తీసి పెడితే సోమవారం క్లాసులోకి ఏ మొహంతో వెళ్లను? ఇంటికి వస్తే అత్తయ్య ఉంది. వాళ్ల సంఘంలో చప్పట్లు కూడా మెల్లగా కొడతారు. కోలాటం మాట వినపడ్డప్పట్నుంచి ఆమె నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది.

అయినా నిజం చెప్పనా? చీటీలో "కోలాటానికి" అన్న మాట చూసినప్పుడు నా అరికాళ్లు జివ్వుమన్నాయి.

కృప

*

గురజాల,
3–11–24

కృపా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివా. ఇదేందే?

నేనూ పాస్టర్ గారూ ఏం అనుకున్నాం? ఏమీ అనుకోలా! ఆయనకి ఆ రోజు చీటీ చూపించిందాకా ఈ సంగతే తెలీదు. నేను మీ బుక్కులో రాసింది ఏర్పాటు కాదు తల్లీ, ప్రార్థన. బయల్దేరే రోజు పొద్దున మీ అమ్మ కర్రలు తుడిచాక మనసు ఆగక, మేకుకి బుక్కు కనపడితే నా పద్ధతిలో నేను రాశా. తేదీ వేసి, అయిపోయినట్టు. నా చేతిసంచిలో ఉన్నది ఎర్రపెన్నే. మీ ఇంట్లో ఎరుపంటే హైకోర్టు తీర్పని నాకేం తెలుసు?

అల్లుడి చీటీ వచ్చినప్పుడు నువ్వది చదివి, ఒప్పుకుని, ఆయన చేత రాయించావనుకున్నా. నువ్వేమో నేను చెప్పి రాయించాననుకున్నావు. పాస్టర్ గారు మనిద్దరం చెప్పామనుకున్నారు. ఇంత పెద్ద కార్యక్రమం ఎవురూ నిర్ణయించకుండా తయారై కూర్చుంది!

నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. నీ మెడ మీద కాడి పెట్టానా నేను? నీకు ఇష్టం లేకపోతే చెప్పు. రేపే పాస్టర్ గారితో నా పొరపాటని చెప్తా. నన్ను నాలుగు మాటలన్నా నాకు వినపడవు, అదొక లాభం. కోటమ్మ ఒక్కదానికే చెప్పడం కష్టం. పొద్దంతా పత్తి తీసొచ్చి, మాపటేల మా వాకిట్లో పిల్లలకి అడుగులు నేర్పుతంది.

ఆలోచించి రాయి. నా కోసం ఆడబాక. మీ అమ్మ కోసమూ ఆడబాక. మీ ఆయన బస్సు అడ్వాన్సు కోసం అసలే ఆడబాక.

పిన్ని

*

నరసరావుపేట,
12 నవంబరు 2024

పిన్నీ,

నీ ఉత్తరం అందిన రోజే నల్ల పెన్ను తీసుకుని డిసెంబరు పేజీలో నీ వాక్యం మీద గీత కొట్టేశా. అడ్డంగా, స్కేలు పెట్టి. పక్కన "రద్దు" అని రాసి సంతకం కూడా పెట్టా. నిజాయితీగా ఉందామనుకున్నా. దేవుడిని నువ్వు అడిగిన మాటని ఆయన జవాబు చెప్పకముందే మేం బస్సెక్కించేశాం కదా. అది నాకు తప్పనిపించింది. ఎవరూ నిర్ణయించని దానికి నేనెందుకు నిలబడాలి అనిపించింది. భయమేసిందని ఒక్క మాటలో రాస్తే సరిపోయేది.

కాలేజీకి వెళ్లా. క్లాసులో పాఠం చెప్తూ చెప్తూ డస్టరూ సుద్దముక్కా రెండు చేతుల్లో పట్టుకుని కొట్టుకుంటున్నానట. వెనక బెంచీ పిల్లలు తాళం వేశారు!

ఇంటికొచ్చేసరికి బుక్కు మేకుకి లేదు, బల్ల మీద తెరిచి ఉంది. నా గీత కింద కొత్తగా ఒక లైను. పెన్సిలు. వంకర అక్షరాలు. "14. కోలాటం. నాకు కిటికీ పక్క సీటు."

అత్తయ్య రాసింది పిన్నీ! పరుగెత్తుకెళ్లి అడిగా. ఆమె చిక్కుడుకాయలు వలుస్తూ తల ఎత్తలేదు.

"మీకు ఇష్టం లేదనుకున్నా అత్తయ్యా."

"ఇష్టం లేకేం. నన్నెవురూ వస్తావా అని అడగలా. ఎర్ర రాతలో 'అందరూ వచ్చినారు' అనుంది, నా పేరు లేదు."

ఇన్నాళ్ల ముక్తసరికి కారణం ఇది! చిన్నప్పుడు వాళ్ల మాచర్లలో కోలాటం వాళ్లు వస్తే గోడ ఎక్కి చూసేదట. చూసినందుకు వాళ్ల నాన్న భోజనం పెట్టలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కాళ్లు చాప మీద కదులుతున్నాయి, నేను చూశా.

ఏంజెల్ ఆ పెన్సిలు గీత మీద నీలంతో దిద్దింది. బెంజిమిన్ పక్కన డప్పు బొమ్మ వేశాడు. మీ అల్లుడు లారీ దిగి వచ్చి, కొట్టేసిన ఎర్ర వాక్యాన్ని, కింద లైన్లనీ మార్చి మార్చి చూసి, "ఇది ఉన్నట్టా లేనట్టా? నాకు ఒకటే చెప్పండి, బస్సోడికి ఏం చెప్పాలి?" అన్నాడు.

ఉన్నట్టే అన్నా. నేనే అన్నా పిన్నీ, నా నోటితో.

ప్రార్థన సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. చెబ్దామని నోరు తెరిచినప్పుడల్లా ఆయన బస్సు సీట్ల బొమ్మ గీస్తూ కనపడతాడు.

ఇప్పుడు సాయంత్రం అయితే మా డాబా మీదే ఉంటాం. నీళ్ల ట్యాంకు పైపుకి చున్నీలు కట్టాం. షబ్నం వాళ్ల అక్కాచెల్లెళ్లు, నాగవేణి, ఏంజెల్, నేను. అత్తయ్య కుర్చీలో కూర్చుని చేతికర్రతో నేల మీద తాళం వేస్తోంది, లయ ఎక్కడా తప్పడం లేదు. అల్లడం వచ్చేసింది. విప్పడం దగ్గర రోజూ చున్నీలు ముడిపడి షబ్నం తల ట్యాంకుకి తగులుతోంది. కోటమ్మత్తని అడిగి రాసి పంపు పిన్నీ. ఆమె కాళ్లు ఎటు కదులుతున్నాయో చూసి, నీకు కనపడింది కనపడినట్టు.

కృప

*

గురజాల,
24–11–24

కృపా,

పొడుగ్గా రాయడానికి తీరిక లేదు, తాళ్లకి రంగేస్తున్నాం, వేళ్లన్నీ పసుపు.

కోటమ్మని "చెప్పు" అంటే ఒక్క ముక్క చెప్పలేకపోయింది. "చెప్పలేనమ్మా, ఆడి చూపిస్తా" అంటది. వాకిట్లో ముగ్గుపిండి పోసి దాని మీద ఆడించా. అడుగుల గుర్తులు చూసి ఈ కాయితం మీద బాణాలు గీశా. నల్ల బాణం లోపలి వరస, ఎర్ర బాణం బయటి వరస. ఇప్పుడు ఎర్రంటే ఎర్రే, మీ ఆయనకి చెప్పు, దీన్ని చూసి ఇంకో బస్సు మాట్లాడబాకమను.

ఒకచోట ముగ్గంతా తొక్కుడు పడి చెరిగిపోయింది, అక్కడ బాణం గీయలేకపోయా. సున్నా చుట్టా. అక్కడ ఏం చేయాలో నీకే తెలియాల.

వదినగారికి, అదే మీ అత్తకి, కిటికీ సీటు ఇచ్చారా?

పిన్ని

*

గురజాల,
16–12–24

నా బంగారు తల్లీ,

మీ బస్సు వెళ్లిపోయి రెండు రోజులైనా మా వాకిట్లో ఇంకా జనం ఉన్నట్టే ఉంది. మా కోడలు గిన్నెలు తోముతా ఇప్పటికీ నడుము ఊపుతంది.

నేను ముందు వరసలో కూర్చున్నా, ఒక్క అడుగు వదలకుండా చూశా. దీపాల కింద ఆ తాళ్లు తిరుగుతుంటే, నువ్వు నీలం చీరలో ముందుకి వంగి లేస్తుంటే, నాకు నువ్వు కనపడలా కాసేపు. ఎవరు కనపడిందో రాయను.

కానీ తల్లీ, అంతా చూశా గానీ ఏమీ వినలా. పాట లేదు నాకు, కర్రల చప్పుడు లేదు. నేల అదిరితే కాళ్లకి తెలిసింది అంతే. అందుకని నాకు ఉత్తరంలో చెప్పు. జడ విప్పేటప్పుడు, సరిగ్గా నేను సున్నా చుట్టిన చోట, మీరంతా ఆగిపోయారు. తాళ్లు నీ మెడకి చుట్టుకున్నయ్. అప్పుడు అల్లుడు లేచి నిలబడి చేతిలో ఏదో ఊపుతా నోరంతా తెరిచి అరిచాడు. జనం విరగబడి నవ్వారు. కోటమ్మ కూడా ఏదో అరిచింది. తర్వాత ఆమె నీ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో అంది. నీ మొహం ఒక్కసారి మారిపోయింది. ఏడుస్తావనుకున్నా, నవ్వావు. ఆ తర్వాత నువ్వు ఆడిన ఆట ఇంకొకటి.

ఏమందే ఆమె? ఎవర్ని అడిగినా "మాకు వినపడలా" అంటారు. ఈ ఊళ్లో అందరికీ నా చెవులే వచ్చినట్టుంది. కోటమ్మని అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతంది.

రాయి తొందరగా. అక్రం కోసం కాచుకోబాక, పోస్టులో వెయ్యి.

పిన్ని

*

నరసరావుపేట,
22 డిసెంబరు 2024, ఆదివారం.

పిన్నీ,

ముందు నీకు వినపడనివన్నీ చెప్తా.

మీ అల్లుడు ఊపింది మా బుక్కు. మేకు మీద నుంచి తీసి, నువ్వు పంపిన బాణాల కాయితం అందులో అతికించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నేను ఆగిపోగానే లేచి, లారీకి రివర్స్ చెప్పే గొంతుతో, "ఏమే కృపా! పేజీ తిప్పలా నువ్వు! లోపలికి రా, లోపలికి, ఇంకా, ఇంకా, ఆపు!" అన్నాడు. అందుకే జనం నవ్వింది. దానికి కోటమ్మత్త, "ఓ లారీ అల్లుడా, ఆ బుక్కు మూసి కూర్చో, ఇది లోడు కాదు!" అంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. అంత గోలలోనూ చేతికర్రతో తాళం ఆపకుండా వేస్తూనే ఉంది. ఆ చప్పుడే నన్ను పట్టుకుంది.

చెవిలో మాట. తాళ్లు మెడకి చుట్టుకుని, నా విద్యార్థి ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ కనపడుతుంటే, ఇంక అయిపోయింది, అమ్మ పరువు తీశాననుకున్నా. కోటమ్మత్త నా మెడ చుట్టూ చిక్కుకున్న తాడు విప్పుతూ అంది: "మీ అమ్మ కూడా ఈడనే చిక్కుకునేది. ఏ ఏడూ తప్పకుండా. నేనే తీసేదాన్ని."

అంతే పిన్నీ. ఏ ఏడూ తప్పకుండా! నేను చిన్నప్పుడు చూసింది ఏంది మరి? నువ్వన్నట్టు టిక్కులే చూశానేమో. ఆ తర్వాత నాకు బుక్కు అక్కర్లేదు, బాణాలు అక్కర్లేదు. కర్ర కర్ర తగులుతుంటే ఆ అదురు భుజందాకా పాకింది. మా వైపు షబ్నం, మీ వైపు కోటమ్మత్త, తాళ్లు ఒక్కొక్కటే జారిపోతూ, గుంజ ఖాళీ అయ్యేసరికి నేను అరుస్తున్నానని నాకే తెలీదు. ఏంజెల్ చెప్పింది, "అమ్మా, నువ్వు ఈల వేశావు" అని. నాకు ఈల రాదు పిన్నీ.

తిరుగు ప్రయాణంలో బస్సంతా పాటలే. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని పిడుగురాళ్ల దాటేదాకా చేతికర్ర ఆపలేదు. సోమవారం క్లాసులోకి వెళ్తే బోర్డు మీద జడ బొమ్మ గీసి ఉంది. చెరపలేదు. దాని పక్కనే పాఠం రాశా.

ఇప్పుడు నా తంటా. కొత్త సంవత్సరానికి కొత్త బుక్కు కొన్నా. ఈ గోల మళ్లీ రాకుండా ఒక పద్ధతి పెట్టా. ముందు నుంచి పనులు, వెనక నుంచి ప్రార్థనలు. అత్తయ్య అప్పుడే వెనక పేజీలో మోకాళ్ల గురించి రాసేసింది. మీ అల్లుడికి అంతా చెప్పేశా, ఎర్ర వాక్యం ప్రార్థన అని, ఏర్పాటు కాదని. ఆయనేమో, "మంచిదేగా. దేవుడు చెయ్యాల్సింది నా చేత చేయించాడు. బస్సు డీజిలు మాత్రం నాదే" అని లుంగీ సర్దుకుని పడుకున్నాడు. ఆయనకి అంత తేలిక. నాకు కాదు. నువ్వు అడిగావు కాబట్టి జరిగిందా, మీ అల్లుడు పొరపాటు పడ్డాడు కాబట్టి జరిగిందా? ఎర్ర పెన్ను బదులు నీ సంచిలో నీలం పెన్ను ఉంటే నేనీ పాటికి డాబా మీద చున్నీలు ఆరేసుకుంటూ ఉండేదాన్ని. ఒకోసారి అది దేవుడి పనే అనిపిస్తుంది. ఒకోసారి ఒక పెన్ను పని అనిపిస్తుంది. రెండూ ఒకటే అని నువ్వు అంటావని తెలుసు, అనబాక, అట్లా అంటే నేను ఆలోచించడం మానేస్తా.

వచ్చే ఏడు డిసెంబరు పదమూడు శనివారం వస్తుంది. చూసిపెట్టా. "జడ కోలాటం, గురజాల" అని రాయాలి. ముందు వైపు రాస్తే అది నా పని, నేను తాళ్లు పేనాలి, బస్సు మాట్లాడాలి. వెనక వైపు రాస్తే అడగడమే, తర్వాత కాచుకోవాలి. పొద్దుట్నుంచి బుక్కుని ఇటు తిప్పుతున్నా, అటు తిప్పుతున్నా. ఏంజెల్ ఎర్ర పెన్ను తెచ్చి పక్కన పెట్టి పోయింది.

ఏ వైపు రాయాలో నాకు తెలియడం లేదు పిన్నీ.

కృప